కంటికి కనబడ్డదంతా నిజమా?

దేవరకొండ దిక్కున ఒక ఊరు అనుకుందాం. పత్తి ఏరే రోజులు. పొద్దుగూకింది. అత్త పొయ్యి ముందర కూర్చొని జొన్నరొట్టెలు చేస్తున్నది. కోడలు వాకిట్ల గిన్నెలు తోముతున్నది. అప్పుడే పక్కింటి పిల్లగాడు ఫోను పట్టుకొని ఉరికొచ్చిండు.

"పెద్దమ్మా, ఇటు చూడు! దయ్యం పిల్ల దొరికిందట!"

ముగ్గురూ ఫోను మీదికి వంగినరు. వీడియోలో ఒక చీకటి మూల ఉన్నది. ఆ మూలలో ఏదో నిలబడి ఉన్నది. దానికి తెల్లని మొహం. నల్లని కండ్లు. సన్నని పొడుగు కాళ్ళు. అది మెడను అటూ ఇటూ ఊపుతున్నది. పాములాగ బుస కొడుతున్నది. అర నిమిషం కూడా కాలేదు, వీడియో అయిపోయింది.

కోడలి గుండె దడదడలాడింది. "రేపు చీకటితోని పత్తికి పోవాలె. నేను పోను అత్తమ్మా" అన్నది.

వీధిలో అప్పటికే జనం కూడినరు. అందరి ఫోన్లలో అదే వీడియో. ఊరి బయట రావిచెట్టు కింద దుప్పట్లు అమ్మే మనిషి ఒకడు దిగి ఉన్నడు. "వాడు వచ్చినంకనే ఇది వచ్చింది. వాని మూట విప్పి చూడాలె" అన్నడు ఒకాయన. ఇద్దరు ముగ్గురు పిల్లగాండ్లు కట్టెలు కూడా పట్టుకున్నరు.

అత్త చేతులు కడుక్కొని వీధిలోకి వచ్చింది. ఆమె రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నది. ఇప్పుడు కూడబలుక్కొని చదువుతది.

"ఆగుండ్రి. వీడియో కింద ఏదో రాసి ఉన్నది. ఎవరన్న చదివిండ్రా?" అని అడిగింది.

ఎవ్వరూ చదవలేదు. అందరూ బొమ్మనే చూసినరు.

అత్త ఫోను దగ్గరికి పట్టుకొని వేలు పెట్టి చదివింది. "చిం... త... ప... ల్లి. చింతపల్లి బావిలో దొరికిన దయ్యం పిల్ల."

తర్వాత ఇంకొకరి ఫోను తీసుకున్నది. వీడియో అదే. కింద రాత వేరే ఉన్నది. "క... ల్వ... కు... ర్తి. కల్వకుర్తి గుట్టల దొరికిన దయ్యం పిల్ల."

అందరూ మొహాలు చూసుకున్నరు.

"అదే మూల, అదే మొహం, అదే బుస. ఒకటే పిల్ల రెండు ఊర్లల్ల ఎట్ల దొరికింది? రెండిట్ల ఒకటన్న అబద్ధం కావాలె. రెండూ అబద్ధమే కావచ్చు" అన్నది అత్త.

గొర్లు తోలుకొని వచ్చిన ముసలాయన కూడా ఫోనులోకి తొంగి చూసిండు. పకపక నవ్విండు. "ఇది దయ్యం పిల్ల కాదు తల్లీ. గుడ్లగూబ పిల్ల. పాత గడిలో ఎన్ని చూడలేదు!" అన్నడు.

పిల్లగాండ్ల చేతులల్ల కట్టెలు కిందికి దిగినయి.

విశాఖపట్నంలో నిజంగా జరిగింది

పైన చెప్పింది మనం అనుకున్న కథ. ఇప్పుడు నిజంగా జరిగిన ముచ్చట చదవండి.

2017 నవంబరు నెల. విశాఖపట్నంలో పని నడుస్తున్న ఒక భవనంలో వింత ప్రాణులు కనబడినయి. వాటిని ఎవరో వీడియో తీసినరు. తెల్ల మొహాలు, పెద్ద కండ్లు, మనుషుల లెక్క నిటారుగా నిలబడ్డ ఒళ్ళు. ఆ వీడియో ఫోన్ల మీద దేశాలు దాటింది. ఆకాశం నుంచి, వేరే లోకం నుంచి వచ్చిన జీవులు అని జనం అనుకున్నరు.

పక్షుల గురించి తెలిసినవాళ్ళు చూసి అసలు సంగతి చెప్పినరు. అవి గుడ్లగూబ పిల్లలు. పాత ఇండ్లల్ల, గుడి గోపురాలల్ల, పాడుబడ్డ గడీలల్ల గూడు పెట్టే తెల్లమొహం గుడ్లగూబ ఒకటి ఉన్నది. దాని మొహం తమలపాకు ఆకారంలో ఉంటది. అవి దాని పిల్లలు.

మరి అంత వింతగా ఎందుకు కనబడ్డయి?

దానికి కారణాలు ఉన్నయి.

ఒకటి: పిల్లలకు ఇంకా ఈకలు పూర్తిగా రాలేదు. ఈకలు లేకుంటే కాళ్ళు పొడుగ్గా, ఒళ్ళు బక్కగా కనబడతది. తడిసిన కోడిని చూసినప్పుడు మనకు ఇదే అనుభవం. ఎంత లావు కోడి అయినా తడిస్తే చిక్కిపోయినట్టు ఉంటది.

రెండు: అవి భయపడ్డయి. మనిషి దగ్గరికి వస్తే ఈ పిల్లలు నిక్కి నిలబడతయి. మెడ ఊపుతయి. బుస కొడతయి. మనం వాటిని చూసి భయపడ్డం. అవి మనల్ని చూసి అంతకంటే ఎక్కువ భయపడ్డయి.

మూడు: వాటి పక్కన మనకు తెలిసిన వస్తువు ఏదీ లేదు. అందుకని అవి ఎంత ఎత్తు ఉన్నయో చూసేవాళ్ళకు తెలువలేదు. కొందరు మనిషంత ఎత్తు అనుకున్నరు. నిజానికి పెరిగిన గుడ్లగూబ కూడా జానెడున్నర ఉంటది. మూరెడు కూడా ఉండదు.

మీరే ఒక పని చేసి చూడండి. ఒక కన్ను మూయండి. రెండో కంటి ముందర నిమ్మకాయ పట్టుకోండి. ఎదురుగా ఉన్న గుట్ట కనబడదు. నిమ్మకాయ గుట్ట కంటే పెద్దదా? కాదు. దగ్గర ఉన్నది పెద్దగా కనబడతది. దూరం ఉన్నది చిన్నగా కనబడతది. కెమెరా కన్ను కూడా అంతే. దూరం తెలువకుంటే పరిమాణం తెలువదు.

అరవై ఏండ్లు నమ్మిన ఫోటో

మోసపోయేది మనమే కాదు. చదువుకున్న దేశాలు కూడా మోసపోయినయి.

స్కాట్లాండు అనే దేశంలో లాక్ నెస్ అనే పెద్ద సరస్సు ఉన్నది. అందులో ఒక భూతంలాంటి జంతువు ఉన్నదని అక్కడ పుకారు. 1934లో లండన్ పత్రిక ఒకటి ఫోటో అచ్చువేసింది. నీళ్ళల్ల నుంచి పొడుగు మెడ, చిన్న తల పైకి లేచి ఉన్నయి. తీసినాయన పెద్ద డాక్టరు అన్నరు. డాక్టరు అబద్ధం చెప్తడా అని జనం నమ్మినరు.

అసలు సంగతి 1994లో బయటపడింది. అది పిల్లలు ఆడుకునే బొమ్మ జలాంతర్గామి. దాని మీద మెడ, తల చేసి అతికించినరు. అంతా కలిపి ఒక అడుగు ఎత్తు ఉంటదేమో. మరి పెద్దగా ఎట్ల కనబడ్డది? పత్రికలో వేసేటప్పుడు ఫోటో చుట్టూ ఉన్న నీళ్ళను కోసేసినరు. పూర్తి ఫోటో చూస్తే చుట్టూ చిన్న చిన్న అలలు. వాటి నడుమ బొమ్మ ఎంత చిన్నదో తెలిసిపోతది.

ఇక్కడ రెండు మాటలు గుర్తు పెట్టుకోవాలె. పెద్దమనిషి పేరు చెప్పినంత మాత్రాన ఫోటో నిజం కాదు. ఏం చూపించినరో చూడాలె. ఏం కోసేసినరో కూడా అడగాలె.

కోసేసిన వీడియో ప్రాణాలు తీసింది

గుడ్లగూబ వీడియో చూసి నవ్వుకోవచ్చు. అన్ని వీడియోలు నవ్వు పుట్టించవు.

పాకిస్తాన్ దేశంలో కరాచీ అనే నగరం ఉన్నది. అక్కడ ఒక సంస్థ 2016లో చిన్న సినిమాలాంటి వీడియో తీసింది. ఇద్దరు మోటారు సైకిలు మీద వస్తరు. వీధిలో ఆడుకునే పిల్లవాణ్ణి ఎత్తుకొని పోతరు. కొద్దిసేపటికే తిరిగి వచ్చి పిల్లవాణ్ణి దించుతరు. ఒక బోర్డు విప్పి చూపిస్తరు. పిల్లల మీద కన్నేసి ఉంచండని తల్లిదండ్రులకు చెప్పడానికి తీసిన వీడియో అది.

ఎవరో ఆ చివరి ముక్క కోసేసినరు. పిల్లవాణ్ణి తిరిగి దించేది పోయింది. అక్షరాలు రాసిన బోర్డు కూడా పోయింది. ఎత్తుకపోయేది ఒక్కటే మిగిలింది. అట్ల కోసిన వీడియో మన దేశంలో ఊరూరా తిరిగింది. ఎక్కడ చూసినా, ఇది మా దగ్గరనే జరిగింది అన్నరు.

2018 ఎండకాలంలో తెలంగాణ పల్లెలల్ల కూడా అట్లాంటి వీడియోలు, మాటలు వచ్చినయి. పిల్లలను ఎత్తుకపోయే ముఠాలు దిగినయి అన్నరు. మనుషులను కోసి చంపుతున్నరు అన్నరు. జనానికి కొత్త మనిషి కనబడితే చాలు, అనుమానం. ఆ మే నెలలో హైదరాబాదులోని చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆమె మహబూబ్‌నగర్ జిల్లా నుంచి బతుకుతెరువు కోసం పోయింది. పిల్లలను ఎత్తుకపోవడానికి కాదు. యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్ మండలంలో కూడా ఒక మనిషి ప్రాణం ఇట్లనే పోయింది. ఆ మండలం 2016 దాకా నల్లగొండ జిల్లాలోనే ఉండె.

చంపినవాళ్ళు దొంగలు కారు. మామూలు మనుషులు. మన లెక్కనే పిల్లల తల్లిదండ్రులు. పిల్లల మీది ప్రేమతోనే భయపడ్డరు. భయంతోనే కట్టె పట్టినరు. తర్వాత ఎంత ఏడ్చినా పోయిన ప్రాణం రాలేదు.

గద్వాల దిక్కున ఏం చేసినరు?

అదే కాలంలో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, వనపర్తి దిక్కున వేరే తీరుగ జరిగింది. అప్పుడు అక్కడ పోలీసు ఎస్పీ రెమా రాజేశ్వరి.

ఆమె కింద పనిచేసే పోలీసులు ఊర్లకు పోయి వస్తుండిరి. ఎండకాలంలో ఆరుబయట మంచాలు వేసుకొని పండుకునే జనం తలుపులు బిగించి లోపల పండుకుంటున్నరని వాళ్ళు గమనించినరు. ఎందుకని అడిగితే జనం ఫోన్లు తీసి వీడియోలు చూపించినరు.

పోలీసులు ఇంటింటికీ పోయి చెప్పినరు. డప్పు కొట్టించినరు. పాటలు పాడించినరు. ఊర్ల వాట్సాప్ గ్రూపులల్ల తాము కూడా చేరి ఏది అబద్ధమో ఎప్పటికప్పుడు చెప్పినరు. కొత్త మనిషి మీద అనుమానం ఉంటే ముట్టుకోవద్దు, మాకు ఫోను చేయండి అన్నరు. నాలుగు వందలకు పైగా ఊర్లు. ఆ ఊర్లల్ల ఈ పుకారు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.

అంటే ఏమైంది? వీడియో అన్ని చోట్లకూ వచ్చింది. అడిగినోళ్ళు, చెప్పినోళ్ళు ఉన్న చోట మనుషులు బతికినరు.

అడవి కెమెరా నేర్పే పాఠం

నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలల్ల అమ్రాబాద్ పులుల అడవి ఉన్నది. అక్కడ పులులు ఎన్ని ఉన్నయో అటవీశాఖ వాళ్ళు లెక్క పెడతరు. ఎట్ల? చెట్లకు కెమెరాలు కడతరు. జంతువు ముందర నుంచి పోతే కెమెరా తానే ఫోటో తీస్తది. ఫోటో మీద తేదీ, సమయం పడతయి. ఏ కెమెరా ఏ చెట్టుకు కట్టినరో రాసి పెట్టుకుంటరు. ఒక పులి చారలు ఇంకొక పులికి ఉండవు. మన వేలిముద్రల తీరుగ. చారలు చూసి ఇది ఏ పులి అని చెప్తరు.

చూడండి. పులి ఉన్నదని అందరికీ తెలుసు. అయినా వాళ్ళు ఎక్కడ, ఎప్పుడు, ఏది అని రాసి పెట్టుకుంటరు. తెలిసిన పులికే ఇంత లెక్క ఉంటే, ఎవ్వరూ చూడని వింత జంతువుకు ఎంత లెక్క ఉండాలె?

అడగవలసిన ఏడు ప్రశ్నలు

వింత వీడియో వస్తే ఈ ప్రశ్నలు అడగండి.

1. ఎవరు తీసినరు? పంపినాయన కాదు, తీసినాయన ఎవరు? "ఎవరో పంపితే పంపిన" అంటే తీసిన మనిషి దొరకలేదన్న మాట. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చింది.

2. ఎక్కడ, ఎప్పుడు తీసినరు? బోర్డుల మీది అక్షరాలు, బండ్ల నంబర్లు, చెట్లు, మనుషుల బట్టలు, మాట చూడండి. మన దిక్కువేనా?

3. పక్కన ఏమున్నది? మనిషి, తలుపు, ఇటుక లాంటిది ఉంటే ఎత్తు తెలుస్తది. ఏమీ లేకుంటే ఎత్తు చెప్పలేము.

4. ముందు ఏముండె, వెనక ఏముండె? సరిగ్గా కనబడే సమయానికే వీడియో ఆగిపోయిందా? అయితే కోసినరేమో.

5. చప్పుడు అదేనా? భయం పుట్టించే చప్పుడు తర్వాత కూడా కలపవచ్చు. చప్పుడు బంద్ చేసి మళ్ళీ చూడండి. భయం సగం తగ్గుతది.

6. ఇదే వీడియో వేరే ఊరి పేరుతో వచ్చిందా? రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చదవండి.

7. తెలిసిన జంతువు కావచ్చా? గొర్ల కాపరిని, చెంచులను, పశువుల డాక్టరును, అడవి బీటు ఆఫీసరును అడగండి. గజ్జి పట్టి బొచ్చు ఊడిన కుక్క, ముడుచుకున్న అలుగు, రాత్రి తిరిగే పునుగు పిల్లి తెలువనివాళ్ళకు వింతగానే కనబడతయి.

కంప్యూటరు చేసిన బొమ్మలు

ఇప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. లేని జంతువును కంప్యూటరు తయారు చేస్తది. నడిపిస్తది, అరిపిస్తది. కెమెరా అవసరమే లేదు.

కొన్నిసార్లు తప్పులు దొరుకుతయి. నీడ ఒక దిక్కు, వెలుగు ఒక దిక్కు ఉంటది. వేళ్ళు ఎక్కువ తక్కువ ఉంటయి. బోర్డు మీద గీతలు అక్షరాల లెక్క ఉంటయి గాని చదవ రావు. అక్షరం వచ్చిన అక్కలు ఇది తొందరగా పట్టుకోవచ్చు.

అయితే ఈ బొమ్మలు రోజురోజుకూ నున్నగా తయారవుతున్నయి. తప్పు కనబడలేదు కాబట్టి నిజం అనుకోవద్దు. కంటిని ఒక్కదాన్నే నమ్మితే చాలదు. మొదటి రెండు ప్రశ్నలు మరువవద్దు. ఎవరు తీసినరు? ఎక్కడ, ఎప్పుడు తీసినరు?

తెలువదు అనుడు తప్పు కాదు

అమెరికాలో 1967లో ఇద్దరు మనుషులు అడవిలో ఒక సినిమా రీలు తీసినరు. అది ఒక నిమిషం అంత ఉంటది. ఒళ్ళంతా బొచ్చు ఉన్న ఒక ఆకారం రెండు కాళ్ళ మీద నడిచి పోతది. కోతిమనిషి అన్నరు కొందరు. వేషం వేసుకున్న మనిషి అన్నరు కొందరు. ఇప్పటిదాకా కొట్లాట తెగలేదు. కాని ఆ జంతువు ఉన్నదని చెప్పడానికి ఒక్క ఎముక గాని, శవం గాని ఇన్నేండ్లల్ల దొరకలేదు.

వీడియో ఒక్కటే ఉంటే సరిపోదు. ఇంకా గుర్తులు కావాలె. అవి దొరికేదాకా "నిజం" అనవద్దు. "నాకు తెలువదు" అనండి. తెలువదు అన్న మనిషి ఎవ్వరినీ కొట్టదు.

మళ్ళీ మన ఊరికి

ఆ రాత్రి అత్త, కోడలు రొట్టె తింటూ ముచ్చట పెట్టుకున్నరు.

"అత్తమ్మా, నీకు భయం కాలేదా?"

"ఎందుకు కాలేదు బిడ్డా? అయింది. నేను నీ ఈడుకు ఉన్నప్పుడు ఊరూరా ఒక పుకారు లేచింది. ఆడ దయ్యం రాత్రి తలుపు కొడతదట. 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపు మీద రాస్తే వెనక్కి పోతదట. మన తలుపు మీద నేను కూడా రాయించిన. అప్పుడు నాకు ఒక్క అక్షరం రాదు. దయ్యానికి మాత్రం చదువు వచ్చని నమ్మిన!"

కోడలు పడిపడి నవ్వింది. నవ్వి నవ్వి ఊరుకున్నది. తర్వాత మెల్లగ అన్నది. "నువ్వు చదవకుంటే ఆ దుప్పట్లాయన గతి ఏమయ్యేదో."

అత్త ఏమీ అనలేదు. తెల్లారి పత్తికి పోయేటప్పుడు రావిచెట్టు దగ్గర ఆగింది. ధర బేరమాడి ఒక దుప్పటి కొన్నది.

గుడ్లగూబల సంగతి కూడా వినండి. అవి రైతుకు చుట్టాలు. రాత్రిపూట పొలాలల్ల ఎలుకలను పట్టి తింటయి. చీకట్లో చప్పుడు విని ఎలుక ఎక్కడ ఉన్నదో కనిపెడతయి. వాటి గూడు కనబడితే కూల్చవద్దు. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం గుడ్లగూబను పట్టడం, చంపడం, అమ్మడం నేరం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఊరి జనం బొమ్మ చూసి రాత ఎందుకు చదవలేదు?
2. కరాచీ వీడియోలో ఏ ముక్క కోసేసినరు? అది ఉంటే జనం భయపడేవాళ్ళా?
3. మీ ఫోనుకు వచ్చిన వింత వీడియో ఒకటి సంఘం మీటింగులో అందరూ కలిసి చూడండి. ఏడు ప్రశ్నలు అడగండి. జవాబు దొరకని ప్రశ్నలు ఎన్ని?
4. మీ ఊరికి కొత్త మనిషి వచ్చి అనుమానం కలిగితే ఏం చేస్తరు? 112కు ఫోను చేసి ఏం చెప్పాలో రెండు మాటలల్ల రాయండి.

చదవండి, రాయండి

వీడియో – పుకారు – గుడ్లగూబ – అనుమానం – సాక్ష్యం

ఎవరు? ఎక్కడ? ఎప్పుడు?

ఈ మూడు మాటలు ఒక కాగితం మీద పెద్దగా రాయండి. ఫోను పెట్టుకునే గూటి పక్కన అతికించండి. వీడియో ఇంకొకరికి పంపే ముందు ఆ కాగితం ఒకసారి చదవండి.